ఆ ఫొటోలో పతకాలు ఏ వైపున ఉన్నాయి?

సంపాదకులకు,

సెలవులొస్తే మాజీ సైనికుల ఇళ్లలో ఫొటోల సందడి పెరుగుతుంది. వాళ్లను తలచుకునే రోజులు కూడా కొన్ని దేశాల్లో సెలవుల దగ్గరే పడతాయి. 1918లో మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన నవంబరు 11 కొన్ని దేశాలకు, 1953లో మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి ఫీల్డ్ మార్షల్ కరియప్ప పదవీ విరమణ చేసిన జనవరి 14 భారతదేశానికి అలాంటి రోజులు. ఈ ఫొటోల్లో ప్రేమకు కొదవుండదు. కొదవంతా వివరాల దగ్గరే. పెద్దాయనను మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ పదిమంది చేరి బటన్ నొక్కేస్తారు. పతకాలు తెల్ల మచ్చల్లా మిగులుతాయి. ఆయన ఏ యూనిట్‌లో, ఏ సంవత్సరాల్లో పనిచేశారో ఫొటోతో పాటు ఎక్కడా ఉండదు. (పెద్దాయన అంటున్నాం గానీ, పెద్దావిడ అయినా ఇదే మాట.)

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు సెల్ఫీ వల్ల వస్తుంది. తాను సంపాదించుకున్న పతకాలను సైనికులు ఎడమ రొమ్ము మీద పెట్టుకుంటారు. అంటే చూసేవాళ్లకు అవి కుడి పక్కన కనిపించాలి. కొన్ని ఫోన్లలో ముందు కెమెరా బొమ్మను అద్దంలో మాదిరిగా తిప్పి సేవ్ చేస్తుంది. దాంతో పతకాలు కుడి రొమ్ము మీదికి పోతాయి. కొన్ని కామన్‌వెల్త్ దేశాల్లో చనిపోయిన సైనికుడి పతకాలను అతని కుటుంబ సభ్యులు పెట్టుకునేది కుడి వైపునే. కెనడాలోనైతే ఇతరుల పతకాలు పెట్టుకోవడం చట్టవిరుద్ధం. కాబట్టి ఫొటో తిరగబడితే చూసేవాడు తన పతకాలను తానే పెట్టుకున్న మనిషిని ఇంకెవరి వారసుడో అనుకోగలడు. సెట్టింగ్స్‌లో మిర్రర్ ఆపేయండి, లేదా వెనక కెమెరా వాడండి. పాత నెగెటివ్‌ను బోర్లాపడేసి స్కాన్ చేసినా ఇదే గొడవ. బ్యాడ్జీ మీది అక్షరాలు చదవగలిగితే సరిగ్గా ఉన్నట్టే. పతకాలను బల్ల మీద పరిచి తీసేటప్పుడు అన్నిటికన్నా పెద్ద గౌరవం చూసేవాళ్ల ఎడమ చివర రావాలి. ఛాతీ మీద అది గుండీల వరుసకు దగ్గరగా ఉండేది కనుక.

ఇక వెలుతురు. ముదురు రంగు కోటు మీద మెరిసే లోహం ఉంటే కెమెరా పొరబడుతుంది. కోటు నల్లదనం చూసి మొత్తం బొమ్మను వెలిగిస్తుంది, పతకాల మీది చెక్కడం కాస్తా మాయమవుతుంది. ఫోన్ తెర మీద ముఖాన్ని తాకి ఫోకస్ పెట్టి, ఎక్స్‌పోజర్‌ను (బొమ్మ వెలుగును) మైనస్ 0.7 దాకా తగ్గించండి. ఫ్లాష్ వద్దు. కిటికీకి ఏటవాలుగా కూర్చోబెడితే ముడతలూ కళ్లూ కూడా బాగా పడతాయి. లోహం మీది తళుకు తగ్గించడానికి పోలరైజర్ అనే, లెన్స్ ముందు పెట్టే ఫిల్టర్ కొంటారు కొందరు. అది ఫ్రేము అద్దం మీది మెరుపును తగ్గిస్తుంది గానీ ఒట్టి లోహం మీద పనిచేయదు. పతకానికి ఎదురుగా తెల్ల దుప్పటో పెద్ద తెల్ల అట్టో పట్టుకుంటే ఆ తెలుపే లోహంలో ప్రతిఫలించి చెక్కడం తేటపడుతుంది. ఫోన్ మామూలు లెన్స్‌తో మరీ దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. రెండు మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ వాడండి.

గ్రూప్ ఫొటోలో పెద్దవాళ్లను చివర నిలబెట్టకండి. వైడ్ లెన్స్ అంచుల్లో మనుషులు సాగిపోతారు. ఒక్క షాట్‌తో సరిపెట్టకండి కూడా. మంచి వెలుతురులో ఇరవై మంది లోపు ఉంటే, మనుషుల సంఖ్యలో మూడో వంతు ఫొటోలు తీస్తే అందరూ కళ్లు తెరిచిన బొమ్మ ఒకటి దొరికే అవకాశం బాగా ఉంటుంది.

టపాసులు, బెలూన్లు, చీకట్లో వరస ఫ్లాష్‌లు కొందరు మాజీ సైనికులకు పడవు. ముందే చెప్పాలి, ఆయన వద్దంటే మానాలి. గుంపుకు వీపు పెట్టి కూర్చోవడం ఇష్టం లేని వాళ్లుంటారు, కుర్చీ ఎక్కడ వేయాలో ఆయన్నే అడగండి. యూనిఫాం వేసుకోమని బలవంతం చేయకండి. పదవీ విరమణ తర్వాత దాన్ని ఎప్పుడు వేసుకోవచ్చన్నదానికి ఒక్కో దేశంలో ఒక్కో నియమం ఉంది.

మా లెక్కలో సెలవుల్లో చేయాల్సిన అసలు పని కొత్త ఫొటో కాదు, పాత ఆల్బమ్. అందులోని ముఖాలకు పేర్లు చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి ఆ రోజు ఇంట్లో ఉంటారు. ఆల్బమ్ ముందు పెట్టి, పక్కన ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, ఎడమ నుంచి కుడికి వరసగా అడుగుతూ పోండి. పేరు, ర్యాంకు, ఊరు, సంవత్సరం. యుద్ధం సంగతి ఆయన ఎత్తితే వినండి, మీరు తవ్వకండి. ప్రింటు వెనక బాల్‌పెన్నుతో రాస్తే ముందువైపు నొక్కులు పడతాయి. మెత్తటి 2బి పెన్సిల్‌తో అంచున తేలిగ్గా రాయాలి. ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిల్ పడదు, అప్పుడు చీటీ రాసి ఫొటోతో పాటు కవర్లో ఉంచండి.

స్కాన్‌కు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) చాలు. 4×6 అంగుళాల ప్రింటుకు 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. అరచేతిలో ఇమిడే చిన్న ప్రింట్లకు 1200 పెట్టండి. నలుపు తెలుపు ఫొటోనైనా కలర్‌లోనే స్కాన్ చేస్తే పసుపు మరకలను తర్వాత విడదీయడం సులువు. వెనకవైపు కూడా స్కాన్ చేయాలి, స్టూడియో ముద్ర, తేదీ అక్కడే ఉంటాయి. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను లాగితే ముఖం అద్దానికే మిగిలిపోతుంది, అద్దంతోనే స్కాన్ చేయండి. జిగురు పేజీల ఆల్బమ్ అయితే మైనం లేని డెంటల్ ఫ్లాస్‌ను ఫొటో కింద రంపంలా మెల్లగా ఆడించాలి.

నలుపు తెలుపు ఫొటోకు రంగులద్దే యాప్‌లు వాడేముందు కాస్త ఆగండి. రిబ్బన్ రంగుల వరసే పతకం గుర్తింపు. యాప్ దాన్ని ఊహించి పూస్తుంది, ఆయనకు రానిదేదో ఛాతీ మీద కనిపించవచ్చు. ముఖాన్ని స్పష్టం చేసే యాప్‌లు ఇంకా ఘోరం, లేని ముఖాన్నే కల్పిస్తాయి. సరదాకు చేసుకుంటే చేసుకోండి, అసలు స్కాన్ విడిగా ఉంచండి.

ఫొటో కోసం పతకాలను పాలిష్‌తో తోమడం మరో అలవాటు. కొన్ని దేశాల పతకాల అంచు మీద సైనికుడి నంబరు, ర్యాంకు, పేరు కొట్టి ఉంటాయి. తోమేకొద్దీ ఆ అక్షరాలు అరిగిపోతాయి. పొడి మెత్తటి గుడ్డ చాలు. అంచును పక్కనుంచి పడే వెలుతురులో దగ్గరగా ఫొటో తీసి ఉంచుకోండి. పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో దాచితే కంచు పచ్చబారుతుంది. ఎండ తగిలే గోడకు పెడితే రిబ్బన్ వెలిసిపోతుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగి, తీసిన తేదీ వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. అందరికీ కనబడే చోట మాత్రం సర్వీస్ నంబరు, గుర్తింపు కార్డు, పింఛను కాగితాలు ఉన్న బొమ్మ పెట్టకండి. మోసపు ఫోన్‌కాల్స్ చేసేవాడికి అంతకుమించి అక్కర్లేదు.

మీ పత్రికకు ఒక విన్నపం. పాఠకులు పంపే కుటుంబ ఫొటోలు వేసేటప్పుడు పేర్లతో పాటు యూనిట్, పనిచేసిన సంవత్సరాలు అడిగి వేయండి. పేజీ పొందిక కోసం ముఖం లోపలికి చూసేలా ఫొటోను తిప్పే అలవాటు డెస్కుల్లో ఉంటుంది. యూనిఫాం ఉన్న ఫొటోకు అది చేయొద్దని పేజీ పెట్టేవాళ్లకు చెప్పండి.

ఇట్లు,
పాత ఫొటోల పని చేసే కొందరు పాఠకులు