కిట్టుని ఎచూకా తీసుకెళ్ళే ముందు

చి. చిన్నాకి,

అమ్మ దీవెనలు. స్వాతిని అడిగానని చెప్పు.

మేం 9వ తేదీ రాత్రి ఫ్లైట్ ఎక్కుతాం. ఈసారి సంక్రాంతి అమ్మమ్మ దగ్గర, బెజవాడలో. మీరిద్దరూ మన ముసలి కుక్క కిట్టుని తీసుకుని, కారు వెనక లాగే ఇల్లులాంటి ఆ కారవాన్‌లో, నది ఒడ్డునున్న ఎచూకా ఊరికి వెళ్తామన్నప్పుడు నాకు సంతోషమే అయింది. ఈ వయసులో వాణ్ణి కుక్కల్ని ఉంచుకునే కెన్నెల్లో వదలడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో నీకు అర్థం కావాలంటే రెండేళ్ళుగా దాచిన సంగతి ఒకటి చెప్పాలి.

అప్పుడు నువ్వు సిడ్నీలో ఉన్నావు. ఫిబ్రవరిలో మేం కిట్టుతో కారవాన్‌లో వెళ్ళినప్పుడు, వాణ్ణి రెండు రోజులు డాక్టరు దగ్గర ఉంచాల్సి వచ్చిందని, కడుపు పాడైందని నీకు చెప్పాను. కడుపు కాదు నాన్నా, వడదెబ్బ. మా చేతుల మీదుగా తగిలిన వడదెబ్బ.

ఆ రోజు 39 డిగ్రీలు. లోపల ఏసీ వేసి, చల్లదనం పోకూడదని కిటికీలు, పైకప్పు హాచ్ అన్నీ బిగించి, కిట్టుని పడుకోబెట్టి నేనూ నాన్నా కూరగాయలకి ఊళ్ళోకి వెళ్ళాం. ముప్పావు గంటలో తిరిగొచ్చాం. వచ్చేసరికి ఆ కారవాన్ పార్కులో మా వరుస మొత్తానికి కరెంటు లేదు. కారవాన్ అంటే పల్చటి అల్యూమినియం డబ్బా. ఏసీ ఆగిన నిమిషం నుంచీ అది పొయ్యి మీద పెట్టిన గిన్నే. నాన్న తలుపు తీయగానే ముఖాన ఆవిరి కొట్టినట్టు వేడి కొట్టింది. వాడు తలుపు దగ్గరే పడి ఉన్నాడు. గడప కింద సన్నటి సందు ఉంది చూడు, ముక్కు సరిగ్గా అక్కడ ఆనించి ఉంది. గడ్డం కింద నేల మీద చొంగ, గంజిలా చిక్కగా. నాలుక గరిటెలా వెడల్పై, చివర పైకి మడత పడి, ముదురు ఎరుపులో ఉంది. "కిట్టూ" అంటే కళ్ళు తిప్పాడు కానీ తోక కదల్లేదు. పదకొండేళ్ళలో నేను పిలిస్తే వాడి తోక కదలకపోవడం అదే మొదటిసారి.

పక్క సైటులో డెబ్బై దాటిన పెద్దాయన ఉన్నారు. మా కేకలు విని హోస్ పైపు లాక్కుని వచ్చారు. నేను తడి తువ్వాలు వాడి మీద కప్పబోతుంటే ఆపారు. కప్పితే ఒంట్లో వేడి బయటికి పోదు, నీళ్ళు పోస్తూ గాలి తగలనివ్వాలి అన్నారు. నీడలోకి మోసుకొచ్చి, ఆయన పొట్ట కింద, తొడల మధ్య, మెడ మీద నీళ్ళు పోస్తూనే ఉన్నారు, నాన్న అట్టముక్కతో విసురుతూనే ఉన్నాడు. నేను నోట్లో నీళ్ళు పొయ్యబోతే అదీ వద్దన్నారు. ఊపిరి అందక రొప్పుతున్న వాడికి ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయట. డాక్టరు దగ్గరికి పరిగెత్తుదామని నేను ఏడుస్తుంటే "ముందు చల్లబరచాలి, తర్వాతే బండి" అన్నారు. తర్వాత డాక్టరమ్మ కూడా అదే మాట అన్నారు. దారిలో ఇరవై నిమిషాలు ఒళ్ళు కాలుతూనే ఉంటే ఆ ఇరవై నిమిషాలూ లోపల అవయవాలు ఉడుకుతాయి. మేం కారు ఎక్కించేటప్పటికి వాడు తల ఎత్తాడు. అయినా డాక్టరు దగ్గర రెండు రోజులు ఉంచుకున్నారు. పైకి తేరుకున్నట్టు కనిపించినా కిడ్నీలు, రక్తం గడ్డకట్టే తీరు దెబ్బ తిన్న సంగతి ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడవచ్చట. వాడు ఇప్పుడు తినే ఆ వేరే తిండి అందుకే, చిన్నా. ముసలితనం వల్ల కాదు.

నీకెందుకు చెప్పలేదంటే, చెప్పే ధైర్యం లేక. వాణ్ణి బుట్టలో ఇంటికి తెచ్చింది నువ్వు.

బెజవాడలో పుట్టినదాన్ని, ఎండ నాకు తెలుసనుకున్నాను. మనం ఇక్కడికి వచ్చిన కొత్తలో 2009 ఫిబ్రవరి 7న మెల్బోర్న్‌లో 46.4 డిగ్రీలు కాసింది, ఆ రోజు కూడా తట్టుకున్నాం. కానీ మా వీధి కుక్కల్ని తలుచుకుంటే ఇప్పుడు తెలుస్తోంది. రోహిణి కార్తెలో అవి కుళాయి కింద తడి మట్టి తవ్వుకుని పొట్ట ఆనించి పడుకునేవి. నీడ జరిగితే అవీ జరిగేవి. తాళం వేసిన కారవాన్‌లో కిట్టు ఎక్కడికి జరుగుతాడు? తాళం వెయ్యకపోయినా వాడు జరగడు. అదే నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది. వాడికి 13 ఏళ్ళు. తుంటి నొప్పి. మధ్యాహ్నం నీడలో పడుకున్నవాడి మీదికి మూడింటికి ఎండ వస్తే, లేచే బాధ కంటే ఎండే నయమని అక్కడే పడి ఉంటాడు. అమ్మమ్మా అంతే కదా, దాహం వేసినా లేచి వెళ్ళి నీళ్ళు తాగదు, చేతికిస్తే తాగుతుంది. కిట్టుని మీరు లేపాలి. గంటకోసారి ఎండ ఎక్కడుందో, వాడెక్కడున్నాడో చూడాలి.

వాడి గొంతు సంగతి కూడా గమనించు. ఈమధ్య మొరుగుడు బొంగురుపోయింది, రొప్పినప్పుడు గరగరమంటోంది. ముసలి లాబ్రడార్లలో ఇది మామూలేనట. ఊపిరి పీల్చినప్పుడు స్వరపేటిక పూర్తిగా తెరుచుకోదు. మనకైతే ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకి చెమట పాదాల కింద కాస్త, అంతే. మిగతా వేడంతా రొప్పి రొప్పి నాలుక మీదుగానే పోవాలి. ఆ దారే ఇరుకైతే ఇంకేముంది. అందుకే పక్కింటి కుర్రకుక్క 30 డిగ్రీల్లో బంతి వెనక పరిగెడుతోంది కదా అని వీణ్ణి పోల్చకు. బంతి అసలు తీసుకెళ్ళకు. బంతి కనిపిస్తే ప్రాణం పోయేదాకా పరిగెడతాడు.

ఇక అక్కడికి చేరాక. కారవాన్ నిలబెట్టేటప్పుడు ఐదు నిమిషాలు ఆలోచించు. ఇక్కడ సూర్యుడు ఉత్తరం మీదుగా పోతాడు, మనూళ్ళో అలవాటు ఇక్కడ పనికిరాదు. మధ్యాహ్నం తర్వాత పడమటి ఎండే చంపుతుంది. మన బండికి అవనింగ్, అదే పక్కకి చాపే గుడ్డ పందిరి, ఎడమ పక్కన ఉంది. ఆ పక్క తూర్పుకి తిరిగేట్టు పెడితే మధ్యాహ్నం కారవాన్ నీడే అవనింగ్ కింద పరుచుకుంటుంది. అప్పుడు ఫ్రిజ్ వెనక జాలీకి పడమటెండ కొట్టి ఫ్రిజ్ సరిగ్గా చల్లబడదు. పోతే పోనీ, పాలు విరిగితే మళ్ళీ కొనుక్కోవచ్చు.

నీడ కోసం రెడ్ గమ్ చెట్ల కింద మాత్రం పెట్టకు. నది ఒడ్డున ఆ చెట్లు చూడ్డానికి ఎంతో బాగుంటాయి, కానీ గాలి లేని ఎండరోజున కూడా పెద్ద పెద్ద కొమ్మలు ఉన్నట్టుండి విరిగి పడతాయి. ఆ నీడ కంటే షేడ్ క్లాత్ నీడే మేలు.

వాడు పడుకోవడానికి చల్లదనం కోసం వేసే జెల్ మ్యాట్ వద్దు, రెండు గంటలకే అది వాడి ఒంటి వేడితో వెచ్చబడుతుంది. నేను కొన్న ఎత్తు మంచం షెడ్‌లో ఉంది, నాలుగు కాళ్ళ మీద వల బిగించినది. అచ్చం మన నులకమంచమే. కింద నుంచి గాలి ఆడుతుంది. దాని కింద నేల మీద నీళ్ళు చల్లు, పక్కన చిన్న ఫ్యాను పెట్టు. ఎచూకాలో వేడి పొడిగా ఉంటుంది కాబట్టి తడి ఎంత త్వరగా ఆరితే అంత చల్లబరుస్తుంది, తాతగారింట్లో వట్టివేళ్ళ తడికలు తడిపినట్టు. ఉక్కపోతగా ఉన్న రోజున ఈ ఉపాయం పెద్దగా పనిచెయ్యదు, ఏసీలో ఉంచడమే. అవనింగ్ చుట్టూ గుడ్డ గోడలు కట్టిన గదిలో, అదే అనెక్స్‌లో, అన్నీ మూసేసి మాత్రం ఎప్పుడూ ఉంచకు. జుట్టు కత్తిరిద్దామని స్వాతి అన్నదట. వద్దను. లాబ్రడార్‌కి ఆ రెండు పొరల బొచ్చే ఎండకి గొడుగు. లోపలి నూగు ఊడేలా బయల్దేరే ముందు బాగా దువ్వండి, చాలు.

నడక తెల్లవారుజామున ఆరింటికి. సాయంత్రం చల్లబడ్డాక అనుకుని ఆరింటికి బయల్దేరేవు, జనవరిలో ఇక్కడ గడియారం గంట ముందుకి జరిపి ఉంటుంది. అసలు వేడి సాయంత్రం నాలుగు, ఐదు గంటలకే. సూర్యుడు దిగేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. అప్పుడైనా తారు రోడ్డు మీద అరచేతి వెనకభాగం ఆనించి ఏడు లెక్కపెట్టు. నువ్వు ఉంచలేకపోతే వాడి పాదాలూ ఉంచలేవు. నదిలో మోకాలి లోతులో నిలబెట్టు, వాడికి ప్రాణం లేచొస్తుంది. కానీ నీళ్ళ మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కనిపిస్తే దిగనివ్వకు, తాగనివ్వకు. అది విషపు నాచు, కుక్క ప్రాణానికే ముప్పు. ముందు బోర్డులు చూడు.

ఎచూకా 220 కిలోమీటర్లు. దారంతా వాడు కారులో మీతోనే. లాగుతున్న కారవాన్‌లో ఏసీ పనిచెయ్యదు, వాణ్ణి అందులో ఎక్కించే ఆలోచనే వద్దు. పెట్రోలు బంకులో ఇద్దరూ ఒకేసారి దిగకండి. విక్టోరియాలో బయట 28 డిగ్రీలు, అంతకు మించి ఉంటే జంతువుని పది నిమిషాలకి మించి బండిలో వదలడం నేరం. చట్టం అలా అన్నదని పది నిమిషాలు వదిలెయ్యమని కాదు, వీడి విషయంలో ఒక్క నిమిషం కూడా వద్దు.

కారవాన్‌లోనూ అంతే. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ వాడి దగ్గర ఉండాలి. వేడి పెరిగితే ఫోన్‌కి మెసేజ్ పంపే యంత్రం ఒకటి నాన్న కొన్నాడు, డ్రాయర్‌లో ఉంది. పెట్టుకోండి. కానీ మెసేజ్ వచ్చేసరికి మీరు అరగంట దూరంలో ఉంటే లాభమేమిటి. రెస్టారెంటుకి వెళ్ళకపోతే ఏం పోయింది, ఇంటికొచ్చాక వెళ్దురు గాని.

నీళ్ళ గిన్నెలు రెండు, లోపల ఒకటి, బయట ఒకటి. కిడ్నీ వల్ల ఎక్కువ తాగుతాడు, ఎక్కువ పోస్తాడు, విసుక్కోవద్దు. పెరుగులో నీళ్ళు కలిపి ఐస్ ట్రేలో గడ్డ కట్టించి రోజుకి రెండు ముక్కలు పెట్టు. ఉప్పు వెయ్యకు.

వాతావరణ సూచనలో ఎండ 38 డిగ్రీలు దాటుతుందని వస్తే ముందు రోజే ఇంటికి తిరిగి వచ్చెయ్యండి. సైటు డబ్బులు పోతే నేను ఇస్తాను. ఇంకో మాట. ఎప్పుడైనా నడక తూలితే, వాంతి చేసుకుంటే, చిగుళ్ళు ఇటుక రంగుకో పాలిపోయో మారితే, ఎవర్నీ అడగకుండా నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టు. మామూలు కుళాయి నీళ్ళే. ఈ వయసు వాణ్ణి ఐసునీళ్ళ తొట్టిలో ముంచొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పారు, పోస్తూ ఫ్యాను పెట్టమన్నారు. ఒకరు పోస్తుంటే ఒకరు డాక్టరుకి ఫోన్. థర్మామీటరు నీలం సంచిలో ఉంది. వాడి ఒంటి వేడి మామూలుగా 38, 39 మధ్య ఉంటుంది. 39.5కి దిగాక నీళ్ళు ఆపి బయల్దేరండి.

నేను బెజవాడలో ఉంటాను, మనకీ వాళ్ళకీ ఐదున్నర గంటల తేడా. మీకు మధ్యాహ్నం మూడైతే అక్కడ ఉదయం తొమ్మిదిన్నర, అమ్మమ్మకి టిఫిన్ పెట్టి ఖాళీగా ఉంటాను. రోజూ ఆ వేళకి కిట్టు ఫోటో ఒకటి పంపు. మొహం దగ్గరగా, నోరు తెరిచినప్పుడు తియ్యి. నాలుక రంగు నాకు కనిపించాలి.

అమ్మ