వాతావరణం పక్కనే పోటు వేళలు కూడా వేయండి

సంపాదకులకు,

ఉగాదికి అటూ ఇటూగా, మార్చి, ఏప్రిల్ నెలల్లో కాకినాడ కుంభాభిషేకం రేవు దగ్గరి బురదమేటల మీద వలస పక్షులు చలికాలంలో కంటే అందంగా ఉంటాయి. అయినా చూడవచ్చినవాళ్లలో చాలామంది ఉసూరుమని వెళ్లిపోతారు. వాళ్లు గడియారం చూసుకుని వస్తారు గానీ పోటు చూసుకుని రారు. మీ జిల్లా పేజీలో ఎండ, వాన వివరాల పక్కన పోటు (సముద్రపు నీరు ఎక్కడం), పాటు (నీరు తగ్గడం) వేళలకు రెండు వరుసల చోటు ఇవ్వమని మనవి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఈ అంచనాలు ఇస్తూనే ఉంది.

పాటు మీద నీళ్లు సముద్రం లోపలికి పోతే, బురదలో మేసే ఉల్లంకి పక్షులూ వాటి వెంటే పోతాయి. బైనాక్యులర్లో చుక్కలు తప్ప ఏమీ కనిపించవు. పోటు నిండడానికి రెండు గంటల ముందే వచ్చి కదలకుండా కూర్చుంటే, ఎక్కే నీరే వాటిని మన వైపు తోస్తుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అష్టమి, నవముల్లో నీటి కదలిక తక్కువ. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు బాగా ఎక్కువ. మనది తూర్పు తీరం. ఉదయం సూర్యుడు ఎదురుగా ఉండి పక్షులన్నీ నల్లగానే కనిపిస్తాయి. అందుకని సాయంత్రం పోటున్న రోజు ఎంచుకోవాలి.

ఈ కాలంలో చూడాల్సింది రంగులే. చలికాలమంతా బూడిద రంగులో ఉన్న కర్ల్యూ సాండ్‌పైపర్ అనే ఉల్లంకి ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. గ్రేట్ నాట్ అనే మరో రకం ఉల్లంకికి రొమ్ము మీద నల్ల మచ్చలు దట్టమవుతాయి. రెండూ గుడ్లు పెట్టడానికి సైబీరియా దాకా ఎగరాలి. మే నెలలోనూ బూడిద రంగుతో మిగిలినవాటిని చూసి జబ్బు పక్షులనుకోవద్దు. చాలావరకు అవి ఏడాది పిల్లలు, ఈసారి వెళ్లవు. గుంపును లెక్కపెట్టేటప్పుడు ముందు పది పక్షులు ఎంత మేర ఉన్నాయో చూసుకుని, ఆ కొలతతో పదులు పదులుగా సాగాలి. ఎన్నింటికి ఎరుపు వచ్చిందో వేరుగా రాయాలి.

ఫొటో కోసం గుంపులోకి నడిచేవారికి గట్టిగా చెప్పాల్సి ఉంది. ప్రయాణానికి కూడబెట్టుకుంటున్న కొవ్వే వాటికి ఇంధనం. ఎగరగొట్టిన ప్రతిసారీ అది కొంత ఖర్చవుతుంది, మేత వేళా పోతుంది. పక్షులు మేత మాని తలలెత్తితే అక్కడే ఆగాలి. కుక్కలను అసలు తేవద్దు.

పక్షులకు పనికిరాని ఉదయపు వెలుగు సీతాకోకచిలుకలకు బాగుంటుంది. డార్క్ బ్లూ టైగర్, కామన్ క్రో వంటివి రుతుపవనాలను అనుసరించి తూర్పు, పడమటి కనుమల మధ్య వలసపోతాయి. ఊళ్లో తిరిగేది పువ్వు పువ్వుకూ ఆగి వెనక్కి మళ్లుతుంది. వలసది అడ్డొచ్చిన ఇంటి మీదుగా ఎగిరి మళ్లీ అదే దిక్కు పడుతుంది. రెండు కొబ్బరిచెట్ల మధ్య గీత ఉందనుకుని, దాన్ని దాటేవాటిని అయిదు నిమిషాలు లెక్కించి, దిక్కు, గాలి, వేళ రాయండి. దిక్కు లేని లెక్కతో వలసను తేల్చలేం. జనుము, నాగదంతి మొక్కల మీద గుంపులుగా వాలినవి చాలావరకు మగవి. తమకు కావలసిన రసాయనాలు పీల్చుకుంటున్నాయి. వాటిని మాత్రం ఈ లెక్కలో కలపకండి.

కాకినాడతో పాటు విశాఖ, మచిలీపట్నం వేళలు కూడా వేస్తే వేటకు వెళ్లే మత్స్యకారులకూ అక్కరకొస్తాయి.

– ఒక పక్షి పరిశీలకుడు, కాకినాడ