ఆన్‌లైన్ పరిచర్యకు సన్మానాలు: కొలత మార్చాలి

సంపాదకుల వారికి,

నమస్కారాలు. ఒంగోలు, నెల్లూరు పట్టణాల్లో క్రైస్తవ సంఘాలూ పాస్టర్ల ఫెలోషిప్‌లూ జరుపుకొనే సభల్లో ఈ మధ్య ఆన్‌లైన్ పరిచర్య (యూట్యూబ్ ఛానెళ్లలో ఆరాధన, ప్రసంగాలు అందించే సేవ) చేస్తున్నవారికి కూడా శాలువాలు కప్పి జ్ఞాపికలు ఇస్తున్నారు. సెమీ క్రిస్మస్ సభల్లో వాటిని ప్రజాప్రతినిధుల చేతుల మీదుగా ఇప్పించడమూ చూస్తున్నాం. వేదిక మీద కనిపించనివారి శ్రమను గుర్తించడం మంచిదే. అయితే, ఎవరిని ఎంపిక చేయాలన్న దగ్గరకు వచ్చేసరికి నిర్వాహకులు ప్రధానంగా చూస్తున్నది ఛానెల్‌కు ఎంతమంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారన్నదే. లక్షమంది చేరితే వెండి బటన్, పది లక్షలకు బంగారు బటన్ ఇచ్చే పనిని యూట్యూబ్ తన వ్యాపారం కోసం ఎలాగూ చేసుకుంటోంది. సంఘాలు కూడా అదే లెక్కను తెచ్చుకుని రెండోసారి శాలువా కప్పడం వల్ల కొత్తగా గుర్తింపు పొందినవారు ఎవరూ ఉండరు.

మన ప్రాంతపు సంఘ చరిత్రకు పెద్ద సంఖ్యలు కొత్త కావు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని ఒంగోలు సండే స్కూల్ పిల్లలు కూడా చెబుతారు. ఆ సంఖ్యకు ముందు జరిగిన సంగతిని మాత్రం మనం అంతగా చెప్పుకోం. 1876-78 నాటి కరవులో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలాదిమందికి కూలి దొరికేలా చేశారు. ఆ సహాయం సాగినంత కాలం, కూటి కోసమే మతంలో చేరారన్న మాట రాకూడదని, కోరి వచ్చినవారికి సైతం బాప్తిస్మం ఇవ్వకుండా ఆపి ఉంచారు. తేలిగ్గా పెరిగే సంఖ్యను చేతులారా వద్దనుకున్న ఆ పద్ధతికి వారసులమని చెప్పుకొనే మనం, డబ్బు కట్టి ప్రమోషన్‌తో పెంచుకున్న వీక్షణలను చూసి బహుమతి ఇవ్వడం నాకు సబబుగా తోచడం లేదు.

ఇంతకీ ఆన్‌లైన్ ఆరాధన ఎవరికి అక్కరకు వస్తోందో చూడాలి. మన జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడపడుచులనే తీసుకోండి. అక్కడి సంఘాలు సెలవుదినమైన శుక్రవారం ఆరాధన జరుపుకుంటాయి గానీ, పనిచేసే ఇల్లు దాటి వెళ్లే వీలు అందరికీ ఉండదు. ఒంగోలులో ఆదివారం పదింటికి ఆరాధన మొదలైతే అక్కడ ఏడున్నర. అప్పటికి వారు వంటింట్లోనో, యజమాని పిల్లలను సిద్ధం చేస్తూనో ఉంటారు. రాత్రి పనంతా అయ్యాక ఫోన్ తెరిచి, తమ పెళ్లి చేసిన పాస్టరుగారి ప్రసంగాన్ని, తమ అత్తో వదినో ఎత్తుకున్న కీర్తనను వింటారు. అలాంటి వీడియోకు వంద వీక్షణలు కూడా ఉండకపోవచ్చు, కాబట్టి ఏ ఎంపిక సంఘం కంటికీ అది ఆనదు.

మా సంఘంలో ఈ పని చూసేది ఒక డిగ్రీ విద్యార్థిని. ఆరాధనకు ముందే వచ్చి ఆంప్లిఫయర్ నుంచి ఫోన్‌కు వైరు కలుపుతుంది, గాలి హోరు మైకులో పడుతుందని స్టాండు పక్కనున్న ఫ్యాను ఆపిస్తుంది (వేసవిలో ఆ వరుసలో కూర్చునే పెద్దలకు ఆమె మీద కోపమే), పాట మొదలయ్యేలోగా కీర్తన సంఖ్యనూ పల్లవినీ తెర మీదకు ఎక్కిస్తుంది. ఆ తరువాత చేసే పని నా దృష్టిలో ఇంకా ముఖ్యమైనది. వాట్సాప్‌లో వచ్చిన ప్రార్థన మనవులను ఒక రూళ్ల నోటుబుక్కులో పేరు, ఊరు, విషయం, తిరిగి ఫోన్ చేసిన తేదీ అని గళ్లు గీసి రాసుకుంటుంది. చివరి గడి ఖాళీగా ఉండిపోతే పాస్టరుగారినైనా మొహమాటం లేకుండా అడుగుతుంది. షార్ట్‌వేవ్ రేడియోలో తెలుగు సువార్త కార్యక్రమాలు వచ్చిన రోజుల్లోనూ ఇలాంటి పద్ధతే ఉండేది. కార్యక్రమం చివర చిరునామా చెప్పేవారు, ఉత్తరం రాసినవారికి జవాబూ తపాలాలో బైబిలు పాఠాలూ వచ్చేవి. ఎంతమంది విన్నారో సరిగా తెలుసుకునే సాధనం లేదు గనుక, వచ్చిన ఉత్తరానికి జవాబు ఇవ్వడమే అప్పటి లెక్క.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై, ఆ ఏడు ఏప్రిల్ 12 నాటి ఈస్టర్‌కు చర్చిల తలుపులు మూసి ఉన్నప్పుడు ఫోన్ చేతబట్టిన యవ్వనస్థుల్లో చాలామంది పల్లెల్లో ఇప్పటికీ ఈ పని చేస్తూనే ఉన్నారు. వినలేనివారి కోసం వాక్యాన్ని సంజ్ఞా భాషలో అందించేవారు, పెద్దలకే గుర్తున్న పాత కీర్తనల రాగాలను రికార్డు చేసి దాచేవారు కూడా ఉన్నారు. కతోలిక సంఘం 2006లో పదిహేనేళ్లకే కన్నుమూసిన కార్లో అకూటిస్ అనే బాలుణ్ణి 2025 సెప్టెంబరు 7న పునీతుడిగా ప్రకటించింది. విశ్వాసానికి సంబంధించిన వివరాలను ఓపికగా సేకరించి వెబ్‌సైటులో పెట్టినవాడిగా అతనికి పేరు. పునీతులను ప్రకటించే ఆచారం మా బాప్తిస్టు సంఘాల్లో లేదు. అయినా ఆ గౌరవం వీక్షకుల లెక్క చూసి ఇచ్చింది కాదన్నది మేమూ గమనించవలసిన విషయమే.

ఇది సంఘాల సొంత వ్యవహారం కదా, పత్రికకు ఎందుకని కొందరు అడగవచ్చు. ప్రజాప్రతినిధి వచ్చి సన్మానించిన ఛానెల్‌ను జనం నమ్ముతారు. క్యాన్సరు, మధుమేహం, పక్షవాతం వంటి జబ్బులను అద్భుత శక్తితో నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. రోగి కోసం ప్రార్థించడం విశ్వాసుల హక్కు, బాధ్యత కూడా. కానీ మాత్రలు మానేశానని చెప్పించిన సాక్ష్యాన్ని పదేపదే ప్రచారం చేసే ఛానెల్‌కు అధికారుల సమక్షంలో జ్ఞాపిక ఇస్తే, దాన్ని చూసి ఇన్సులిన్ ఆపేసే మనిషి ఏ మతం వాడైనా కావచ్చు. తెర మీద క్యూఆర్ కోడ్ పెట్టి కానుకలు అడిగేవారు ఏడాదికోసారైనా లెక్కలు చూపుతున్నారా అన్నదీ, ఇతరుల దేవుళ్లను కించపరిచే వీడియోలు ఉన్నాయా అన్నదీ సన్మానానికి ముందే చూడాలి. ఇక హోటల్ హాళ్లలో పంచిపెడుతున్న గౌరవ డాక్టరేట్ల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. డిగ్రీ ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలకూ చట్టం గుర్తించిన సంస్థలకూ మాత్రమే ఉందని 1956 నాటి యూజీసీ చట్టం చెబుతూనే ఉంది.

కాబట్టి రాబోయే క్రిస్మస్ సభల నిర్వాహకులు ఎంపిక నియమాలను ముందుగా ప్రకటించాలనీ, పేర్లను ఛానెళ్ల యజమానుల నుంచి కాక సంఘ సభ్యుల నుంచి తీసుకోవాలనీ, ఎంపిక చేసేవారిలో లెక్కలు తెలిసినవారినీ ఒక బధిర విశ్వాసినీ కూర్చోబెట్టాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. శాలువాలకూ పూలదండలకూ అయ్యే ఖర్చుతో ఎంపికైన చిన్న సంఘాలకు ఒక మంచి మైకు, ఏడాదికి సరిపడా ఇంటర్నెట్ రీఛార్జి ఇస్తే, అవి మరుసటి ఆదివారం ఆరాధనకే పనికివస్తాయి.

భవదీయుడు,
ఒక సంఘ సభ్యుడు,
సంతపేట, ఒంగోలు.