సీసాకు సీలు వేయడం నేర్పని పర్యావరణ పీజీ: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

మన విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం చాలా ఏళ్లుగా ఉంది. రసాయన శాస్త్రం, జీవావరణం బాగానే చెబుతున్నారు. చట్టాల మీద ఓ పేపరు ఉంటుంది, అందులో చట్టం పేరు, సంవత్సరం, ముఖ్యాంశాలు బట్టీ పట్టి రాస్తారు. కొలత దగ్గర మొదలై ప్రభుత్వ నిర్ణయం దాకా నడిచే దారి మాత్రం పిల్లలకు ఎవరూ చూపించడం లేదు. ఆ దారినే పూర్తి చదువుగా మలిచి, పర్యావరణ విధానం, నిర్వహణ మీద రెండేళ్ల పీజీ కోర్సు పెట్టమని అడుగుతున్నాం. పేరు కొత్తది పెట్టి పాత సిలబస్ నడిపితే ప్రయోజనం లేదు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాం.

ఒక్క నీటి సీసా సంగతే చూడండి. ఫ్యాక్టరీ కాలువలో వ్యర్థజలం నమూనా తీసే అధికారి, దాన్ని పరీక్షకు పంపబోతున్నట్టు యాజమాన్యానికి అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి. వాళ్ల ఎదుటే నమూనాను రెండు భాగాలు చేయాలి. రెండు సీసాలకూ గుర్తు పెట్టి, సీలు వేసి, ఇరుపక్షాలూ సంతకం చేయాలి. ఒకటి వెంటనే ల్యాబ్‌కు వెళ్లాలి. ఇదంతా 1974 నీటి చట్టం 21వ సెక్షన్‌లో ఉంది. ఈ క్రమం తప్పితే ఫలితం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ల్యాబ్‌లో ఎంత జాగ్రత్తగా కొలిచినా కేసు నిలవదు. రెండేళ్లు పర్యావరణం చదివిన విద్యార్థి చేత ఈ పని ఒక్కసారైనా చేయించాలా వద్దా?

సీసా ల్యాబ్‌కు చేరాక ఇంకో చిక్కు. నీటిలోని మురికిని తినడానికి బ్యాక్టీరియా వాడుకునే ఆక్సిజన్ ఎంతో చెప్పే అంకె బీఓడీ. చాలా పాఠ్యపుస్తకాల్లో దానికి 20 డిగ్రీల దగ్గర 5 రోజుల పరీక్ష. మన దేశంలో అమల్లో ఉన్న ప్రమాణం 27 డిగ్రీల దగ్గర 3 రోజులు. నదిలోకో చెరువులోకో వదిలే వ్యర్థజలానికి సాధారణ పరిమితి లీటరుకు బీఓడీ 30 మిల్లీగ్రాములు, సీఓడీ (అదే మురికిని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) 250 మిల్లీగ్రాములు. రిపోర్టులో బీఓడీ 25, సీఓడీ 2,000 అని వచ్చిందనుకుందాం. బీఓడీ పరిమితి లోపే ఉంది కదా అని సరిపెట్టుకుంటే మోసపోయినట్టే. ఆ నీటిలో బ్యాక్టీరియా తినలేని రసాయనాలైనా ఉండాలి, బ్యాక్టీరియాను చంపే విషమైనా ఉండాలి. బ్యాక్టీరియా చచ్చిపోతే ఆక్సిజన్‌ను వాడుకునేది ఉండదు, దాంతో అంకె తక్కువ వస్తుంది. అంటే నీళ్లు ఎంత విషమైతే బీఓడీ అంత మంచిగా కనబడే ప్రమాదం ఉందన్నమాట. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చదవడం నేర్పితే విద్యార్థికి ఇది అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది.

హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు పాఠం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో అచ్చయిన అధ్యయనం బయటపెట్టింది. బీఓడీ, సీఓడీ ఎన్నిసార్లు కొలిచినా ఈ మందు పేరు బయటికి రాదు. శుద్ధి చేసి వదిలే నీటిలో యాంటీబయాటిక్‌ ఎంత ఉండొచ్చో చెప్పే పరిమితి మన నిబంధనల్లో లేదు. 2020 జనవరిలో కేంద్రం ముసాయిదాలో ఆ పరిమితులు పెట్టింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. ముసాయిదాకూ తుది నోటిఫికేషన్‌కూ మధ్య ఎవరు ఏం అడిగారు, ఏ వాదన నెగ్గింది, ఎందుకు నెగ్గింది? విధానం చదవడమంటే ఈ ప్రశ్నలకు కాగితాలు వెతికి జవాబు రాయడం. మందుల పరిశ్రమలు పెరుగుతున్న మన రాష్ట్రానికి ఇంతకంటే దగ్గరి పాఠం లేదు.

గాలి విషయంలోనూ అంతే. పీఎం 2.5, అంటే గాలిలోని అతి సన్నని దుమ్మును కొలిచే యంత్రం నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున 24 గంటలకు 24 ఘనపు మీటర్ల గాలిని లాగుతుంది. ప్రమాణం ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు కాబట్టి, సరిగ్గా పరిమితి దగ్గర ఉన్న రోజున ఫిల్టర్ మీద చేరే దుమ్ము 1.44 మిల్లీగ్రాములు. ఆవగింజంత బరువు కూడా కాదు. తేమ అదుపులో లేని గదిలో ఆ ఫిల్టర్‌ను తూచినా, వేలితో తాకినా లెక్క తప్పుతుంది. అంకెను నమ్మాలో వద్దో చెప్పాలంటే ఆ తూకం ఒక్కసారైనా తన చేత్తో వేసి ఉండాలి.

ఇక ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం దానికి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ప్రభావ అంచనా నివేదిక సారాంశం ఇంగ్లిష్‌తో పాటు స్థానిక భాషలోనూ ఉండాలి. సభ మొత్తం వీడియో తీయాలి. చివర్లో ఏం నమోదు చేశారో అక్కడున్నవాళ్లకు వాళ్ల భాషలో చదివి వినిపించాలి. కాగితం మీద ఇది గొప్ప ఏర్పాటు. కానీ చేతికి వచ్చే తెలుగు సారాంశం చదివితే ఊళ్లోవాళ్లకే కాదు, మాస్టారికి కూడా అర్థం కాదు. ‘భూమట్ట సాంద్రతలో పెరుగుదల’ అని రాసి ఊరుకుంటారు. చిమ్నీ నుంచి పొగ చలికాలంలో ఏ వాటానికి పోతుంది, ఏ ఊరి మీద పడుతుంది, ఇప్పుడున్న దుమ్ముకు ఇంకెంత చేరుతుంది అని రాస్తే అందరికీ తెలుస్తుంది. ఇలా రాయడానికి శాస్త్రమూ రావాలి, తెలుగూ రావాలి. కాబట్టి కోర్సులో తెలుగు సారాంశం రాయడం ఒక పూర్తి పేపరు కావాలని మా గట్టి అభిప్రాయం. దీనికి ముడిసరుకు పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతుంది: అసలు నివేదికలు, నిపుణుల కమిటీ మినిట్స్, అనుమతి పత్రాలు.

అనుమతి వచ్చాక ఏం జరుగుతోందో చూసేవాళ్లు ఇంకా తక్కువ. షరతుల అమలుపై అనుమతి పొందిన సంస్థ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. వాటిని వరుసగా చదివి, పోయినసారి చెప్పినదానికీ ఈసారి చెప్పినదానికీ తేడా పట్టుకోవడం ఒక విద్య. విశాఖ వెంకటాపురంలో 2020 మే 7న స్టైరీన్ ఆవిరి లేచిన ట్యాంకుకు ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. పైభాగం వేడెక్కుతున్నా కింది అంకె మామూలుగానే కనిపించింది. ఆ ప్లాంటు పర్యావరణ అనుమతి లేకుండా నడిచిన సంగతీ అప్పుడే అందరికీ తెలిసింది. ఈ రెండూ పరిశీలనకు వెళ్లినవాళ్లు అడగాల్సిన ప్రశ్నలే. ఏం అడగాలో ముందు నేర్పి ఉండాలి.

కొల్లేరును ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా పెట్టండి. 1999లో +5 కాంటూరు (సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టారు, 2008లో +3కు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు వచ్చి చేరేది ఇక్కడే, సముద్రానికి పోయేది ఉప్పుటేరు మీదుగానే. పట్టా భూముల పరిహారం, మత్స్యకార సొసైటీల జీవనం, వలస పక్షులు, వరద నీటి దారి ఒకే పటం మీద పెట్టి చూడగలిగిన విద్యార్థి ఏ జిల్లాలోనైనా పనికొస్తాడు.

క్యాలెండర్ గురించి కూడా చెప్పాలి, చాలా కోర్సులు దెబ్బతినేది ఇక్కడే. ప్రభావ అంచనా నివేదికకు మూడు నెలల క్షేత్ర సమాచారం వర్షాకాలం కాని రోజుల్లో సేకరించాలి. అందుకని క్షేత్ర సెమిస్టర్ డిసెంబరులోనే మొదలవ్వాలి. ప్రవేశాలు ఆలస్యమైతే అది ఎండాకాలం పరీక్షల్లోకి జారి, రెండు రోజుల ఇండస్ట్రియల్ విజిట్‌గా మిగిలిపోతుంది.

పాఠం చెప్పేవాళ్లు లేరన్న మాట రావచ్చు. వృత్తిలో అనుభవం ఉన్నవాళ్లను అధ్యాపకులుగా తీసుకునే ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పద్ధతికి యూజీసీ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. రిటైరైన కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీర్లను, హరిత ట్రిబ్యునల్‌లో వాదించే న్యాయవాదులను అలా తీసుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఉద్యోగం. ఇంజినీర్ పోస్టుకు బీటెక్ అడుగుతారు, అనలిస్టు పోస్టుకు ఎమ్మెస్సీ అడుగుతారు. కొత్త డిగ్రీ పేరు సర్వీసు నిబంధనల్లో లేకపోతే మొదటి బ్యాచ్ పిల్లలు ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ కోసం తిరుగుతూనే వయసు మీరిపోతారు. కోర్సు మొదలుకాకముందే పర్యావరణ, మున్సిపల్ శాఖలతో మాట్లాడి అర్హతల జాబితాలో ఈ డిగ్రీని చేర్పించండి. 2025 ఆగస్టులో కేంద్రం పర్యావరణ ఆడిట్ నిబంధనలు తెచ్చింది, రిజిస్టరైన ఆడిటర్లు కావాలి. ప్రభావ అంచనా సంస్థల గుర్తింపులో 12 ప్రత్యేక విభాగాలున్నాయి, వాటికీ మనుషులు కావాలి. మన పిల్లలు ఆ పనులకు పోటీ పడాలంటే సిలబస్‌లోని పేపర్లు వాటికి సరిపోలాలి.

మొదట రెండు విశ్వవిద్యాలయాల్లో 20 మంది చొప్పున ప్రారంభించండి. బీఓడీ ఇంక్యుబేటర్, సూక్ష్మ తూనిక, గాలి నమూనా యంత్రం వాడకంలో ఉన్న చోటే అనుమతి ఇవ్వండి. మ్యాపులకు, పొగ వ్యాప్తి లెక్కలకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. సిలబస్ కమిటీ వేస్తే నాలుగు సెమిస్టర్ల ముసాయిదా, ప్రాక్టికల్స్ జాబితాతో సహా, నెల రోజుల్లో తయారు చేసి ఇస్తాం.

ఇట్లు,
పర్యావరణ అధ్యాపకులు, క్షేత్ర నిపుణులు