భారీ వాహనాలకు ముందు బ్యాటరీయే

సంపాదకులకు నమస్కారం.

రోడ్ల మీద తిరిగే వాహనాల్లో లారీలు, బస్సులు కొద్ది భాగమే అయినా, రోడ్డు రవాణా వెదజల్లే కార్బన్ డయాక్సైడ్‌లో వాటి వాటా చాలా ఎక్కువ. కొత్త భారీ వాహనాల ఉద్గారాలు 2019తో పోలిస్తే 2030కి 45 శాతం, 2040కి 90 శాతం తగ్గాలని యూరోపియన్ యూనియన్ 2024లో చట్టం చేసింది. డీజిల్ ఇంజిన్‌కు మెరుగులు దిద్దినంత మాత్రాన అది సాధ్యం కాదు.

ప్రత్యామ్నాయం అనగానే చాలామంది హైడ్రోజన్ పేరెత్తుతున్నారు. కరెంటుతో నీటిని విడగొట్టి, ఆ వాయువును అధిక పీడనంతో ట్యాంకులో నింపి, ఫ్యూయల్ సెల్‌లో మళ్లీ కరెంటుగా మార్చేసరికి మొదట వాడిన విద్యుత్తులో సుమారు మూడో వంతే చక్రాలకు చేరుతుంది. అదే బ్యాటరీ అయితే దాదాపు ముప్పాతిక వంతు చేరుతుంది. పైగా నేటి హైడ్రోజన్‌లో అధిక భాగం సహజవాయువు, బొగ్గు నుంచి వచ్చిందే. దాన్ని నేరుగా ఇంజిన్‌లో మండిస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా వెలువడతాయి. ఇంత నష్టం తెలిసీ ముందు దానికే నిధులు కేటాయించడం నాకు బాధ కలిగిస్తోంది.

బ్యాటరీ బరువు నిజమైన సమస్యే. కిలో డీజిల్‌లో దాదాపు 12 యూనిట్ల శక్తి ఉంటే, కిలో బ్యాటరీలో పావు యూనిట్ కూడా కష్టం. అయినా రోజూ ఒకే దారిలో తిరిగి రాత్రికి డిపో చేరే బస్సులకు అది అడ్డు కాదు. ఆగుతూ సాగే చెత్త బండ్లకైతే బ్రేకు వేసినప్పుడల్లా కొంత శక్తి తిరిగి వస్తుంది.

దూరప్రయాణ లారీలకు మెగావాట్ చార్జింగ్, అంటే పెద్ద బ్యాటరీని త్వరగా నింపే అత్యధిక శక్తి గల చార్జింగ్, కావాలి. అందుకు తగిన సబ్‌స్టేషన్లు కట్టడానికి ఏళ్లు పడుతుంది. వాహనాలకు సబ్సిడీలు ప్రకటించే ప్రభుత్వాలు ఆ పనిని ఇప్పుడే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు