క్లోన్ నంబరు లేని జామాయిల్ మొక్కలు ఇక వద్దు

తెలంగాణ అటవీ అభివృద్ధి సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం. నిరుడు ఒక నర్సరీలో జామాయిల్ మొక్కలు కొనబోయి, ఇది ఏ క్లోన్ (ఒకే మేలైన చెట్టు చిగుళ్ల నుంచి పెంచిన, నంబరుతో గుర్తించే రకం) అని అడిగాను. ‘మంచి రకమే, తీసుకెళ్లండి’ అన్నారు. మూడు నెలల పంట విత్తనాల సంచి మీద ఉండే వివరం, ఏళ్ల తరబడి పొలంలో నిలిచే చెట్టుకు లేదు!

భద్రాచలం దగ్గర సారపాక కాగితపు మిల్లు 1989లో క్లోన్ల పని చేపట్టింది. మేలైన చెట్టును ఎంచి నరికి, మోడు నుంచి వచ్చిన చిగుళ్లను కత్తిరించి, తేమ గదిలో వేళ్లు పోయించడం ఆ పద్ధతి. గింజ మొక్కల తోటలో ఒక చెట్టు లావు, ఒకటి సన్నం. క్లోన్ తోటలో అన్నీ ఒకే తీరు. దిగుబడి పెరిగింది, కాదనను.

చిక్కూ అక్కడే ఉంది. ఒక చెట్టుకు పట్టిన తెగులు అన్నిటికీ పడుతుంది. ఈ శతాబ్దం మొదట్లో దక్షిణాదిలో కనిపించిన గాల్ కందిరీగ లేత ఈనెల మీద, తొడిమెల మీద బొడిపెలు కట్టించి మొక్కలను గిడసబార్చింది. అన్ని క్లోన్లూ దానికి ఒకేలా లొంగలేదు. అందుకే నంబరు తెలియాలంటున్నాను.

పైగా ఉన్న క్లోన్లనే తిప్పి తిప్పి నాటితే కొత్త గుణాలు ఎక్కడినుంచి వస్తాయి? ఆస్ట్రేలియాలోని వేర్వేరు ప్రాంతాల కమాల్డులెన్సిస్, టెరెటికార్నిస్ అనే జామాయిల్ జాతుల విత్తనంతో సంకరాలు చేసి, మన ఎర్ర నేలల్లో, నల్లరేగళ్లలో విడివిడిగా పరీక్షించాలి. ఏళ్లు పడుతుంది, నిజమే.

ఈలోగా మీ నర్సరీల్లో ప్రతి ట్రేకూ క్లోన్ నంబరు రాయించండి. మీ తోటల్లో ఏ క్లోన్ ఏ నేలలో ఎంత కలప ఇచ్చిందో తెలుగులో ప్రకటించండి.

ఇట్లు,
ఒక జామాయిల్ రైతు