ధాత కరువుకు ఒక్క ఫలకమైనా లేదు

సంపాదకులకు నమస్కారం.

మా కర్నూలు జిల్లా జనాభా 1871లో 9.14 లక్షలు. పదేళ్లకు 6.78 లక్షలకు పడిపోయింది. కారణం 1876-78 నాటి కరువు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ధాత కరువు అన్నారు. సోషల్ మాస్టారుగా పనిచేసినన్నాళ్లూ ఈ అంకెలు బోర్డు మీద రాసేవాణ్ణి. పిల్లలు ‘మన జిల్లాలోనా సార్?’ అని అడిగేవారు. పుస్తకంలో ఆ ముక్కే లేదు మరి.

1877లో కరువు పనులకు వచ్చిన మగ కూలీకి కరువు పనుల పర్యవేక్షణకు బ్రిటిష్ ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ పెట్టిన కూలి రోజుకు పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా కాదు! అది తిని మట్టి మోయడం ఎట్లా? మద్రాసు శానిటరీ కమిషనర్ (ప్రజారోగ్య అధికారి) డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. సర్కారులోనే ఉండి కూలీల ఆకలి గురించి కొట్లాడిన ఆ డాక్టరు పేరు మా పిల్లలకు తెలియాలి.

సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ (కర్నూలు-కడప) కాలువ అప్పటికే ఉంది. అక్కడికి వచ్చేవాళ్లు ఆ కరువు గురించి చదివేలా ఒక ఫలకం, కలెక్టరేట్‌లో ఇంకొకటి పెట్టించాలని అధికారులను కోరుతున్నాను. మీ జిల్లా పేజీలో ఈ కరువు గురించి వరుసగా రాయండి.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కర్నూలు